జాలి సరే, జాలీ ఏది?

జూలో జంతువుల ఫోటోలు తీసేవాళ్ల మీద నాకు కోపం లేదు. ఆ ఫోటోల కింద వాళ్లు రాసే రాతల మీద, ఫోటోలోంచి వాళ్లు చెరిపేసే వస్తువుల మీద ఉంది. "ఈయన గంభీరుడు, తక్కువ మాట్లాడతాడు" అని సింహం కింద. "మహా కొంటెది" అని చింపాంజీ కింద. "మా ఏనుగమ్మకి సంగీతమంటే ప్రాణం, ఎలా ఊగుతోందో చూడండి" అని ఏనుగు కింద. హైదరాబాదు జూ పార్కుకు ఆదివారం ఆదివారం కెమెరా సంచులు తగిలించుకుని వెళ్లే మిత్రబృందం ఒకటి నాకుంది. అందులో సగంమంది మావైపు వాళ్లే. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఇంటర్ దాకా చదివి, ఎక్కడో ఇంజనీరింగ్ పూర్తిచేసి, చివరికి నాలాగే గచ్చిబౌలిలో తేలినవాళ్లు. వాళ్ల ఫోటోల్లో వెలుగు బాగుంటుంది. జంతువు కన్ను సూదిమొనలా పదునుగా పడుతుంది. మీసాల్లో ఒక్కో వెంట్రుకా లెక్కపెట్టొచ్చు. జాలీ మాత్రం ఉండదు. కందకం ఉండదు. సిమెంటు గోడ, నీళ్ల తొట్టి, తాళం, కీపర్ చీపురు, ఇవతల నిలబడి "ఏయ్, ఇటు చూడు" అని అరిచే జనం, ఇవేవీ ఉండవు.

నా వాదన ఇంతే. ఒక జంతువుకు వ్యక్తిత్వం ఉందని నమ్మేవాడు, ఆ వ్యక్తిత్వాన్నే ప్రేమిస్తున్నానని చెప్పుకునేవాడు, అది బతుకుతున్న చోటును ఫోటోలోంచి తీసేయకూడదు. తీసేసిన మరుక్షణం అతను చెప్తున్నది ఇంకేదో జంతువు కథ.

ముందు అటువైపు జట్టు సంగతి తేల్చేస్తాను, ఎందుకంటే వాళ్లు ఈ వ్యాసాన్ని తమ పక్షాన రాసినట్టుగా చదువుకునే ప్రమాదం ఉంది. అడవి ఫోటోగ్రాఫర్లలో కొందరికి జూ ఫోటో అంటేనే చిన్నచూపు. బోనులో ఉన్నదానికి వ్యక్తిత్వమేమిటి, అదంతా మనం అంటగట్టేదే అంటారు. ఇది అహంకారమే తప్ప జ్ఞానం కాదు. 1960లో గోంబే అడవికి వెళ్లిన జేన్ గుడాల్ చింపాంజీలకు డేవిడ్ గ్రేబియర్డ్ వంటి పేర్లు పెడితే, పేర్లు కాదు నంబర్లివ్వాలని కేంబ్రిడ్జి పెద్దలు తప్పుపట్టారు. ఆ పెద్దల మాట ఈరోజు ఎవరూ పట్టించుకోవడం లేదు. జంతువుల వ్యక్తిత్వం ఇప్పుడు పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కిన విషయం. పైగా రణథంబోర్‌లో టీ-16 అనే ఆడపులికి మొహం మీద చేప ఆకారపు మచ్చ ఉందని మఛ్లీ అని పేరు పెట్టుకుని, 2016లో అది చనిపోతే సొంత మేనత్త పోయినట్టు ఏడ్చింది ఈ సఫారీ జీపుల వాళ్లే కదా. జీపులోంచి పెడితే గౌరవమైన పేరు, జాలీ ఇవతలనుంచి పెడితే పిల్లచేష్ట ఎట్లా అవుతుంది? డబ్బు సంగతి కూడా ఉంది. సఫారీ బుకింగు, లాడ్జి, మోకాలంత లెన్సు, ఇవన్నీ ఉంటేనే జంతువును ప్రేమించే అర్హత వస్తుందా? కోదాడనుంచి బస్సెక్కి వచ్చి, టికెట్టు కొనుక్కుని, ఒకే ఎలుగుబంటి ముందు యాభై ఆదివారాలు నిలబడ్డవాడికి ఆ ఎలుగుబంటి గురించి తెలిసినంత, పది నిమిషాలు జీపు ఆపి షటర్ నొక్కినవాడికి ఏ పులి గురించీ తెలియదు.

కాబట్టి మావాళ్ల ప్రేమ మీద నాకు అనుమానం లేదు. ఆ యాభై ఆదివారాల్లో కంటికి కనిపించినదంతా ఫోటోలో ఎందుకు లేదన్నదే ప్రశ్న.

ఎలా చెరుపుతారో తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. పొడుగు లెన్సును జాలీకి దాదాపు ఆనించి, అపర్చర్‌ను ఎఫ్ 2.8 దాకా తెరిస్తే, దగ్గరున్న తీగలు పొగలా కరిగిపోతాయి. దూరంగా ఉన్న జంతువు మాత్రం నిలుస్తుంది. ఇంకా ఎక్కడైనా బూడిదరంగు గీత మిగిలితే ఎడిటింగ్‌లో తుడిచేస్తారు. ఇదివరకు దానికి ఓ గంట పట్టేది. ఇప్పుడు వేలితో గీస్తే చాలు, జాలీ పోయి దాని వెనక ఉండాల్సిన గడ్డిని సాఫ్ట్‌వేరే ఊహించి నింపుతుంది. నేను తినేది ఆ రంగంలో కూడే కాబట్టి చెప్పగలను, అది నింపే గడ్డి ఏ జూలోనూ మొలవలేదు.

నిజానికి ఊచలు చెరపడం ఫోటోగ్రాఫర్ కనిపెట్టిన విద్య కాదు, జూలే కనిపెట్టాయి. 1907లో జర్మనీలో హాంబర్గ్ దగ్గర కార్ల్ హాగెన్‌బెక్ అనే జంతువుల వ్యాపారి ఊచల్లేని జూ తెరిచాడు. సింహం ఎంత దూరం దూకగలదో కొలుచుకుని, అంతకంటే వెడల్పుగా కందకం తవ్వించి, ఆ కందకం చూసేవాళ్ల కంటికి ఆనకుండా రాళ్లు, పొదలు అమర్చాడు. ఇవతలనుంచి చూస్తే సింహానికీ మనకూ మధ్య ఏమీ లేనట్టుంటుంది. ప్రపంచమంతా దాన్నే నేర్చుకుంది. 1963 అక్టోబరు 6న మీర్ ఆలం చెరువు పక్కన తెరిచిన మన నెహ్రూ జూలాజికల్ పార్కులోనూ పెద్ద జంతువుల దగ్గర ఈ కందకాలే. ఊచలకంటే ఇది జంతువుకు మేలే, కాదనను. ఆ హాగెన్‌బెక్కే వలస దేశాలనుంచి మనుషుల్ని తెచ్చి, కంచె అవతల గుడిసెలు వేయించి, టికెట్టు పెట్టి చూపించాడన్న సంగతి కూడా పక్కనే గుర్తుపెట్టుకోవాలి. కంచె కనిపించకపోతే చూసేవాడికి హాయి. ఆ హాయి కోసం మొదటి చెరుపు జూ చేసింది, రెండోది లెన్సు, మూడోది ఎడిటింగ్.

ఇక్కడ ఒక తోడేలు గురించి చెప్పాలి. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం వాళ్ల వైల్డ్‌లైఫ్ ఫోటోగ్రాఫర్ ఆఫ్ ద ఇయర్ పోటీలో 2009లో మొదటి బహుమతి స్పెయిన్‌కు చెందిన హోసే లూయిస్ రోడ్రిగెజ్‌కు వచ్చింది. రాత్రిపూట ఒక తోడేలు పశువుల దొడ్డి గేటు మీదుగా దూకుతున్న ఫోటో. చాలా గొప్ప ఫోటో, చిన్నప్పటి కథల్లో తోడేలే. తర్వాత కొందరు స్పానిష్ ఫోటోగ్రాఫర్లు, ఇది అడవి తోడేలు కాదు, మాడ్రిడ్ దగ్గరి ఒక జంతు పార్కులో ఉండే ఒసియన్ అన్నారు. నిర్వాహకులు విచారణ చేసి, అది బహుశా ఫోటోలకు అద్దెకిచ్చే మచ్చిక జంతువేనని తేల్చి, 2010 జనవరిలో బహుమతి వెనక్కి తీసుకున్నారు. ఫోటోగ్రాఫర్ ఆ ఆరోపణను ఒప్పుకోలేదు.

ఈ గొడవను అందరూ నిజాయితీ పాఠంగా చెప్తారు. నాకు ఇందులో కనిపించేది వేరు. ఒసియన్‌ను గుర్తుపట్టారు! వేల తోడేళ్లలో ఇది ఫలానా తోడేలని దాని ఒంటి మీది గుర్తులు చూసి చెప్పగలిగారు. మన మిత్రులు రోజూ జపించే వ్యక్తిత్వం అంటే, కనీసం దాని మొదటి మెట్టు, అదే కదా. ఒక్కటే ఉండటం, ఇంకోదానికి బదులు రాకపోవడం. కానీ ఆ ఫోటోకు బహుమతి రావాలంటే ఒసియన్ ఒసియన్ కాకుండా ఉండాలి. "అడవి తోడేలు" అన్న పాత్ర వెయ్యాలి. దాని ఊరు, దాని పార్కు, దానికి రోజూ తిండి పెట్టే మనిషి, ఇవన్నీ ఫ్రేము బయట ఉండాలి. ఆ ఫోటోలో గేటు ఉంది చూడండి, అదీ తమాషా. దొడ్డి గేటు ఉంటే అందం, జూ గేటు ఉంటే ఖరాబు.

మా మిత్రుడొకడితో ఈ మాటే అంటే, "జాలీ కనిపిస్తే ఫోటో ఖరాబైతది గదరా బై, ఎవడు చూస్తడు దాన్ని?" అన్నాడు. చూస్తారనడానికి సాక్ష్యాలున్నాయి. గ్యారీ వినోగ్రాండ్ న్యూయార్క్ జూలో తన పిల్లల్ని తిప్పుతూ తీసిన ఫోటోలను 1969లో 'ది ఏనిమల్స్' పేరుతో పుస్తకంగా వేశాడు. అందులో ఊచలూ ఉన్నాయి, ఊచలకు ఇటువైపు మనుషులూ ఉన్నారు. కాసేపటికి ఎవరు ఎవర్ని చూడ్డానికి వచ్చారో తికమక పడతాం. బ్రిటా యాషిన్‌స్కీ 1996లో వేసిన 'జూ' పుస్తకంలో నలుపు తెలుపుల్లో, సగం నీడల్లో మునిగిన జంతువులు. మీసాల్లో వెంట్రుకలు లెక్కపెట్టే పదును అక్కడ దొరకదు. జో-ఆన్ మెక్‌ఆర్థర్ 2017 పుస్తకం పేరే 'క్యాప్టివ్'. ఈ ముగ్గురికీ జంతువుల మీద ప్రేమ తక్కువని ఎవరూ అనలేరు.

ఇక వ్యక్తిత్వం పేరుతో మనం చదివే లక్షణాల సంగతి. మా ఇళ్ల దగ్గర చిన్నప్పుడు స్కూలు ఎక్స్‌కర్షన్ అంటే సాగర్ డ్యామే. లాంచీలో నాగార్జునకొండ, తర్వాత బస్సులో ఎత్తిపోతల. చంద్రవంక వాగు 70 అడుగుల ఎత్తునుంచి దూకే ఆ చోట మొసళ్ల పెంపక కేంద్రం ఉంది. అక్కడ ఎండలో నోరు బార్లా తెరిచి కదలకుండా పడుకున్న మగ్గర్ మొసలిని చూసి పిల్లలం "మనమీదికి వస్తది" అని భయపడేవాళ్లం. పెద్దయ్యాక అదే భంగిమకు కెమెరా పట్టినవాళ్లు "నవ్వుతోంది" అని రాస్తున్నారు. మొసలికి కోపమూ రాలేదు, నవ్వూ రాలేదు. అట్లా నోరు తెరిచి ఉంచడం ఒంటి వేడిని సర్దుకోవడానికి దానికున్న పద్ధతి. మొసలి విషయంలో ఇది సరదా పొరపాటే. ఏనుగు విషయంలో సరదా కాదు. ఒకేచోట నిలబడి గంటలకొద్దీ అటూ ఇటూ ఊగే ఏనుగు, తల ఒకే వరసలో తిప్పే ఎలుగు, కంచె వెంబడే ఒకే దారిలో అరిగిపోయేలా తిరిగే చిరుత, ఇవి బందీ జంతువుల్లో కనిపించే అర్థంలేని పునరావృత చేష్టలని జంతుశాస్త్రం ఎప్పటినుంచో చెప్తోంది. రాస్ క్లబ్, జార్జియా మేసన్ 2003లో 'నేచర్' పత్రికలో చూపించింది ఏమిటంటే, అడవిలో ఎంత ఎక్కువ దూరం తిరిగే మాంసాహారి అయితే, బోనులో ఈ తిరుగుడు అంత ఎక్కువ, పిల్లల చావులు కూడా ఎక్కువ. అటువంటి ఊగుడు కింద "సంగీతమంటే ప్రాణం" అని రాస్తున్నాం మనం. జ్వరంతో వణికే మనిషిని ఫోటో తీసి "డాన్స్ చేస్తున్నాడు" అని రాస్తే ఏమంటారు?

జంతువుకు తనదంటూ స్వభావం ఉంటుందనే నేనూ అంటున్నాను. కానీ ఊగడంలో ఏనుగు స్వభావమెంత, గొలుసు ఎంత అన్నది గొలుసు కనిపిస్తేనే చూసేవాడు ఆలోచించగలడు. గొలుసు కోసేసి స్వభావం మాత్రమే మిగల్చడం కుదరదు.

కావాలంటే మన సాహిత్యంలోనే చూడండి. సాగర్ ఒడ్డున బుద్ధవనంలో జాతక కథల పార్కు ఉంది. ప్రపంచంలో జంతువులకు వ్యక్తిత్వం ఇచ్చిన పాత కథల్లో జాతకాలకంటే గొప్పవి నాకు తెలియవు. ఛద్దంత జాతకంలో ఏనుగుల రాజు తన దంతాలు కోయడానికి వచ్చినవాడికి తానే సాయం చేస్తాడు. ఆ ఏనుగు ఎలాంటిదో మనకు తెలిసేది వేటగాడు ఉన్నందువల్లే. వేటగాడిని, రంపాన్ని క్రాప్ చేస్తే మిగిలేది ఆరు దంతాల ఏనుగు బొమ్మ. క్యాలెండరు మీద వేసుకోవచ్చు.

సాగర్ పేరెత్తాను కాబట్టి అక్కడి పులుల గురించి కూడా. రాష్ట్రం విడిపోయాక ఆ పులుల అడవీ రెండైంది. అమ్రాబాద్ మనకు వచ్చింది, నాగార్జునసాగర్-శ్రీశైలం అన్న పేరు ఆంధ్ర వైపుకు పోయింది. ఆ అడవిలో పులుల ఫోటోలు తీసేవి ఎక్కువగా చెట్లకు కట్టిన పెట్టెలు. కదలిక పసిగట్టి వాటంతటవే క్లిక్కుమంటాయి. దారికి రెండువైపులా జంటగా కడతారు, ఎందుకంటే పులికి ఎడమవైపు చారలు కుడివైపు చారల్లా ఉండవు. చారలతో గుర్తుపట్టి నంబరు ఇస్తారు. 2023 మార్చిలో నంద్యాల జిల్లా పెద్ద గుమ్మడాపురం దగ్గర నాలుగు ఆడపులి కూనలు తల్లి లేకుండా దొరికినప్పుడు, వెతికింది టీ-108 అనే పులి కోసం. తల్లినీ పిల్లల్నీ కలపాలని అటవీశాఖవాళ్లు రాత్రింబవళ్లు ప్రయత్నించారు, కుదరలేదు. పిల్లల్ని తిరుపతి శ్రీ వేంకటేశ్వర జూకు తీసుకెళ్లారు.

తల్లి అడవిలో ఒక నంబరు. పిల్లలు జూకు వెళ్లాయి కాబట్టి వాటికి పేర్లుంటాయి, అభిమానులుంటారు, కొంటెదనీ మొండిదనీ బిరుదులుంటాయి. అందులో తప్పు లేదు. కానీ ఆ పిల్లల ఫోటో ఎంత అందంగా తీసినా, ఒక దొడ్డి, ఒక తప్పిపోయిన తల్లి, ఫలించని వెతుకులాట దాని వెనక ఉన్నాయి. చెట్టుకు కట్టిన ఆ ప్రేమలేని పెట్టె తీసిన ఫోటో కింద తేదీ, సమయం ముద్రపడి ఉంటాయి, ఎక్కడ తీసిందో నమోదై ఉంటుంది. యంత్రం చూపే ఆ పాటి మర్యాద ప్రేమ ఉన్నవాడు చూపలేడా? ఫోటో కింద "జూ" అన్న ఒక్క అక్షరం రాయడానికి మావాళ్లు పడే ఇబ్బంది చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. ఏ బీచ్ కెళ్లినా, ఏ టీకొట్టులో కూర్చున్నా లొకేషన్ పెట్టేది వీళ్లే.

పేర్ల గురించి కూడా ఒక మాట. 2024లో సిలిగురి సఫారీ పార్కులో అక్బర్ అనే సింహాన్ని, సీత అనే ఆడసింహాన్ని ఒకచోట ఉంచారని గొడవ కలకత్తా హైకోర్టు దాకా పోయి, పేర్లు మార్చాల్సి వచ్చింది. ఆ రెండు సింహాల స్వభావం గురించి ఆ గొడవంతటిలో ఎవరికీ పట్టింపు లేదు. పేరు మనది, గొడవ మనది. పేరు పెట్టినంత మాత్రాన జంతువు మనకు తెలిసిపోదు.

పేరు కాపాడదు కూడా. 2000 అక్టోబరులో హైదరాబాదు జూలోనే సఖి అనే ఆడపులిని దొంగలు దాని ఎన్‌క్లోజర్‌లోనే చంపి చర్మం ఒలిచారు. అడవిలో కాదు, నగరం నడుమ, టికెట్టు కొని మనం వెళ్లే చోట. సఖికి పేరుంది, చూడటానికి రోజూ జనం వచ్చారు. ఆ రాత్రి దానికి అవసరమైనవి గోడ ఎత్తు, తాళం గట్టిదనం, కాపలా మనిషి, లైటు. అంటే సరిగ్గా మన ఫోటోల్లోంచి మనం కోసేసేవి. జూ జంతువు చావూ బతుకూ వీటి మీదే ఆధారపడి ఉన్నప్పుడు, వీటిని "డిస్ట్రాక్షన్" అని పిలవడం నాకు మింగుడుపడదు. తుప్పు పట్టిన జాలీ ఫోటోలో కనిపిస్తే కనీసం ఒకరైనా తుప్పు గురించి అడుగుతారు.

కీపర్ కూడా మన "డిస్ట్రాక్షన్"ల జాబితాలో ఉన్నాడు. 2021 మేలో ఇదే జూలో ఎనిమిది ఆసియా సింహాలకు కోవిడ్ వచ్చినట్టు సీసీఎంబీ నిర్ధారించింది. దేశంలో జంతువులకు కోవిడ్ సోకినట్టు తేలడం అదే మొదలు. అవన్నీ కోలుకున్నాయి. జూకు జనాన్ని రానివ్వని రోజులవి, కెమెరాలు లేవు. ఏ సింహం తిండి వదిలేసింది, దేనికి ముక్కు కారుతోంది అని కనిపెట్టగలిగేది రోజూ దగ్గరుండి చూసుకునే సిబ్బందే. ఒక సింహం ఎప్పటిలా లేదని చెప్పాలంటే, అది ఎప్పుడూ ఎలా ఉంటుందో తెలియాలి కదా. వ్యక్తిత్వం తెలియడమంటే ఇదే. మన ఫోటోల్లో ఇతను ఎప్పుడైనా పొరపాటున పడితే, మరుసటి క్లిక్కు దాకా ఆగి, అతను పక్కకు జరిగాక తీస్తాం.

అయితే జూలు మూసేయమంటావా అని అడుగుతారు. ఆ వాదన వేరే, ఈ వ్యాసంలో దానికి చోటు లేదు. మూసేయాలనేవాడికైనా, ఉండాలనేవాడికైనా, జూ ఎలా ఉందో కనిపించే ఫోటోలే కావాలి. అడవి లాంటి నకిలీ పచ్చదనం ఇద్దరికీ పనికిరాదు.

మా మిత్రుడి దగ్గర రాణి ఫోటో ఒకటి ఉంది. ఆ జూలో ఉండిన ముసలి ఏనుగు. కన్ను, కంటి చుట్టూ ముడతలు, అంతే. నిజంగా మంచి ఫోటో. కింద "మహారాణి జ్ఞాపకాల్లో" అని రాశాడు. నేను రాసిచ్చిన కాప్షన్ ఇది: "రాణి. 1938లో పుట్టింది. పబ్లిక్ గార్డెన్స్ నుంచి 1963లో నెహ్రూ జూకు తెచ్చారు. ఏనుగుల్ని జూల్లో ఉంచవద్దని 2009లో సెంట్రల్ జూ అథారిటీ చెప్పిన తర్వాత కూడా ఇక్కడే ఉంది. 2021 జూన్‌లో, 83వ ఏట, ఇక్కడే చనిపోయింది."

"ఇంత పొడుగు ఎవడు చదువుతడురా?" అన్నాడు. పెట్టి చూడు, ఎవరు చదువుతారో తెలుస్తుంది కదా అన్నాను. దానితోపాటు క్రాప్ చేయని ఒరిజినల్ కూడా పెట్టమన్నాను. అందులో రాణి కాళ్లూ, కింద నేలా, పక్కన నిలబడ్డ మావటి సగం భుజమూ ఉన్నాయి. ఇంకా పెట్టలేదు.